చేతుల కింద పళ్ళెం

దోహాలో, నేలకి రెండంతస్తుల కింద,
పెట్టె మూతకి పదహారు స్క్రూలు.
వరసలో తియ్యాలి, వరసలోనే దాచాలి.
తీశాను.
స్పాంజి దిండ్ల మధ్య
తలకి గుడ్డ కట్టుకున్న బాలింతలా
పడుకునుంది కంచు.

రెండువేల ఎనిమిదొందల ఏళ్ళట.
మాది బుడితి. ఏడేళ్ళకి తిత్తి ఊదాను,
పదిహేడుకి మూస పట్టాను,
స్టీలొచ్చి కొలిమి ఆరాక
ఇలా పెట్టెలు విప్పే పనిలో పడ్డాను.
ఏళ్ళ లెక్క నాకందదు గానీ
పోత అందుతుంది.

చెవి కింద సన్నటి గీత.
టార్చి ఏటవాలుగా వేస్తే తేలింది.
మట్టి అచ్చు రెండు ముక్కలు కలిసిన చోట
కరిగిన లోహం కాస్త తొంగిచూసి గడ్డకట్టింది.
ఆకురాయి పెడితే పోయేదే.
పెట్టలేదు ఆ మొండోడెవడో.
పొద్దుగూకిందేమో. ఆకలేసిందేమో.
మా నాన్నయితే మొట్టికాయ వేసేవాడు.

పెట్టెతో పాటు చైనా నుంచి వచ్చినావిడ
ఇంటిపేరు చావ్ అట.
నోరు రాక మేడమ్ అన్నాను.
ప్రతి గాటుకీ కాగితమ్మీద ఒక అంకె వేస్తోంది.
గీత చూపించాను. ఆగింది.
కళ్ళద్దాలు నుదుటికెత్తి
గదిలో ఇంకో మనిషున్నాడని
అప్పుడే తెలిసినట్టు చూసింది.

తర్వాత తనే వేలుపెట్టి చూపించింది:
బయట చుట్టూ చదరపు సుడులు,
వాటికి వాళ్ళు ఉరుములని పేరు పెట్టుకున్నారట.
ఉరుముల మీద డ్రాగన్లు, ఏ తోక ఎవరిదో
విడదీయబోతే చూపు మళ్ళీ మొదటికే వస్తుంది.
రెండు చెవుల మీదా రెండు బుల్లి మృగాలు
గట్టు మీంచి నూతిలోకి తొంగిచూసే పిల్లల్లా
లోపలికి వంగి.
లోపల చేపలు. పదకొండు.
పన్నెండోదాన్ని చిలుము తినేసింది.
నట్టనడుమ
తాబేలు.

నా పేరు కూర్మారావు.
ఆ సంగతి ఎలా చెప్పాలో తెలీక
బ్యాడ్జీ చూపించి, తాబేలుని చూపించి ఊరుకున్నాను.
ఏం అర్థమైందో, నవ్వింది.

పూజకి ముందు పెద్దల చేతులు కడిగే పళ్ళెమిది.
ఒకరు పోస్తే, ఒకరు కడుక్కుంటే,
జారిన నీళ్ళు పట్టేది.
నీళ్ళు చేరేకొద్దీ చేపలు కదిలేవట.
పోసే చెంబు వేరే ఉండేది, దొరకలేదు.
అడుగున నాలుగు వరసల రాత. ఏముంది మేడమ్?
మనవల మనవలు ఎల్లకాలం వాడుకోవాలి.
వాడుకోవాలన్నాడు, చూసుకోవాలనలేదు.

ఇప్పుడు నీళ్ళంటే దానికి రోగం.
అద్దాల గూట్లో తేమ లెక్క తప్పితే
పచ్చటి పొడి రాలడం మొదలవుతుంది,
ఇక ఆగదు.
బయట నలభై ఏడు డిగ్రీలు,
ఊరంతా సముద్రాన్ని వడకట్టి తాగుతోంది.
కింద మేము
చేపలకి చెమట పట్టకుండా కాపలా.

గూడు మూసేముందు ఆవిడ
చేతులు చాపమంది.
నీలం తొడుగుల్లో నా దోసిలి,
పళ్ళానికి జానెడు పైన.
లేని చెంబుని రెండు చేతులా వంచింది.
లేని నీళ్ళు పడ్డాయి.
ఫోర్‌మన్ వర్గీస్ గడియారం చూసుకున్నాడు.
నేను మాత్రం రుద్దుకున్నాను, ఎందుకో,
మణికట్టు దాకా.

రాత్రి సనాయా క్యాంపుకి ట్యాంకరు రాలేదు.
జగిత్యాల రాజలింగు డబ్బా వంచి పోస్తున్నాడు,
కింద ఎర్ర ప్లాస్టిక్ తొట్టి.
ఆ నీళ్ళు మళ్ళీ బాత్రూములోకి పనికొస్తాయి.
చేతుల్నించి జారిన మెతుకులు రెండు
తేలి, ఒక చుట్టు తిరిగి, నిలబడ్డాయి.
తొట్టి అంచు కింద సన్నటి గీత,
అచ్చు ముక్కలు కలిసిన చోటు.

"ఏం జూస్తున్నవే?"

"ఏటీ నేదు. పొయ్యి."